పైథాన్‌ను సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేయడం ఎలా: సిస్టమ్ చెడకుండా, స్పీడ్ పోకుండా

"ఉబుంటులో ఉన్న పైథాన్ పాతది. కొత్తది సోర్స్ నుంచి బిల్డ్ చేశాను. ఇప్పుడు పిప్ నడపబోతే ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ లేదంటోంది. ఏం చేయాలి?" ఈ ప్రశ్న నన్ను అడగని వారం లేదు. (బిల్డ్ అంటే సోర్స్ కోడ్‌ను కంపైల్ చేసి నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం, పిప్ అంటే పైథాన్ ప్యాకేజీలు దించే టూల్, ఎస్ఎస్ఎల్ అంటే సురక్షితమైన నెట్ కనెక్షన్‌కు కావలసిన భాగం.) దీని వెనకాలే ఇంకోటి వస్తుంది: "బిల్డ్ బాగానే అయ్యింది గానీ ఏపీటీ (ఉబుంటు ప్యాకేజీలు పెట్టే కమాండ్) పనిచేయడం మానేసింది, టెర్మినల్ కూడా తెరుచుకోవడం లేదు." మొదటిది గంటలో సరిచేసుకోవచ్చు. రెండోది ఒక్కోసారి సిస్టమ్‌నే మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకునే దాకా తీసుకెళ్తుంది. విడివిడిగా జవాబులు చెప్పే బదులు, మొదటి నుంచి చివరి దాకా ఒకే చోట రాస్తున్నాను.

ఉదాహరణకు పైథాన్ 3.13 తీసుకుందాం. ఇది 2024 అక్టోబర్‌లో విడుదలైంది. ఉబుంటు 22.04తో 3.10, 24.04తో 3.12 వస్తాయి కాబట్టి చాలామందికి ఇది కొత్తదే. ఇక్కడ నేర్చుకున్న పద్ధతి ఎన్‌జింక్స్, రెడిస్, గిట్ లాంటి వాటికీ చాలావరకు పనికొస్తుంది. ఆప్షన్ల పేర్లు మారతాయి, వరస మాత్రం ఇదే.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి. అడ్డగీతలు, చుక్కలు, స్లాష్‌లు, అంకెలు మాత్రం ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే.

మీకు ఇది నిజంగా అవసరమా?

కొత్త వెర్షన్ కావాలి, అంతేనా? అయితే యూవీ అనే టూల్‌తో సిద్ధంగా ఉన్న పైథాన్‌ను నిమిషంలో దించుకోవచ్చు. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్లు) వాళ్ళకు డెడ్‌స్నేక్స్ పీపీఏ అనే అదనపు ప్యాకేజీల నిలవ ఉంది. పైఎన్వ్ అనే టూల్ కూడా మంచిదే, కానీ అది లోపల చేసేది సోర్స్ నుంచి బిల్డ్ చేయడమే. కింద చెప్పిన లైబ్రరీలు దానికీ కావాలి. పైగా మనం అడిగితే తప్ప అది ఆప్టిమైజేషన్లు ఆన్ చేయదు.

జీఐఎల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే తాళం) లేని పైథాన్, డీబగ్ బిల్డ్, సొంత ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎస్ఎస్ఎల్ లైబ్రరీ), సర్వర్‌కు తగ్గట్టు ట్యూన్ చేసిన బిల్డ్, వీటిలో ఏదైనా కావాలంటే ముందుకు చదవండి. బిల్డ్ అంటే ఏమిటో చేతులతో చేసి తెలుసుకోవాలని ఉన్నా సరే. అది చాలా మంచి కారణం.

కావలసినవి

ఉబుంటు 22.04 లేదా 24.04, లేదా డెబియన్. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ అయినా సరిపోతుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే సుఖం. ఇంకా తక్కువున్నా అవుతుంది, దాని సంగతి 5వ మెట్టులో చెబుతాను. డిస్క్‌లో ఓ 3 జీబీ ఖాళీ, సుడో (అడ్మిన్) హక్కు, ఒక గంట తీరిక. లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి.

1. చోటు, గడియారం సరిచూసుకోండి

హోమ్ డైరెక్టరీలో ఒక ఫోల్డర్ చేసుకోండి. దాని పేరులో ఖాళీలు వద్దు. "మై ప్రాజెక్ట్స్" లాంటి పేర్లున్న దారిలో చాలా బిల్డ్ స్క్రిప్టులు తడబడతాయి. పెన్‌డ్రైవ్‌లోనో, విండోస్‌తో పంచుకునే పార్టిషన్‌లోనో చేయకండి. అక్కడ ఎగ్జిక్యూట్ పర్మిషన్లు, సింబాలిక్ లింకులు సరిగా నిలవవు. డబ్ల్యూఎస్ఎల్ వాళ్ళు సీ డ్రైవ్‌లో కాకుండా లినక్స్ హోమ్‌లోనే చేయండి. సీ డ్రైవ్‌లో అయితే ఇదే పని ఎన్నో రెట్లు నెమ్మదిగా సాగుతుంది.

విండోస్, లినక్స్ రెండూ ఉన్న లాప్‌టాప్‌లో గడియారం తప్పకుండా చూడండి. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన స్థానిక సమయం రాస్తుంది. లినక్స్ దాన్ని గ్రీనిచ్ సమయం అనుకుంటుంది. దాంతో బూట్ కాగానే లినక్స్ గడియారం 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది, ఇంటర్నెట్ దొరికాక వెనక్కి వస్తుంది. ఈలోగా తయారైన ఫైళ్ళకు రాబోయే తేదీ పడిపోతుంది. బిల్డ్ నడిపే మేక్ కమాండ్ ఏ ఫైలు కొత్తదో తేదీ చూసే నిర్ణయిస్తుంది కాబట్టి "క్లాక్ స్క్యూ డిటెక్టెడ్" అని హెచ్చరిస్తుంది, కొన్ని ఫైళ్ళను కంపైల్ చేయకుండా వదిలేసే ప్రమాదం ఉంది. ఈ హెచ్చరిక కనిపిస్తే టైమ్ సరిచేసి, ఫోల్డర్ తీసేసి, సోర్స్‌ను కొత్తగా విప్పుకోండి.

2. లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేయండి

నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ మెట్టు దగ్గర పుట్టినవే.

సుడో ఏపీటీ అప్‌డేట్

తర్వాత సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ అని కొట్టి, ఈ పేర్లన్నీ వరసగా ఇవ్వండి:

బిల్డ్-ఎసెన్షియల్, పీకేజీ-కాన్ఫిగ్, లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్, జెడ్‌లిబ్1జీ-డెవ్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవ్, లిబ్‌బీజెడ్2-డెవ్, లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ-డెవ్, లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్, లిబ్‌రీడ్‌లైన్-డెవ్, లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్, లిబ్‌జీడీబీఎం-డెవ్, యూయూఐడీ-డెవ్, టీకే-డెవ్

చివరన "డెవ్" ఎందుకంటే, కంపైలర్‌కు కావలసిన హెడర్ ఫైళ్ళు అందులోనే ఉంటాయి. "ఓపెన్ఎస్ఎస్ఎల్ నా సిస్టమ్‌లో ఉందిగా" అని చాలామంది అంటారు. ఉంటుంది. కానీ అది ప్రోగ్రామ్‌లు నడవడానికి మాత్రమే. బిల్డ్ చేయాలంటే డెవ్ ప్యాకేజీ వేరుగా కావాలి. ఫెడోరాలో పేర్లు కొంచెం వేరు, వాటి చివర "డెవెల్" అని ఉంటుంది. గ్రాఫిక్స్ లేని సర్వర్‌లో టీకే-డెవ్ వదిలేయవచ్చు.

3. సోర్స్ దించుకోండి, సరిచూడండి

పైథాన్ అధికారిక సైట్ నుంచి 3.13 సిరీస్‌లో చివరి విడుదల టార్ ఫైలు తీసుకోండి. 20 ఎంబీ పైచిలుకు ఉంటుంది. డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని చూపే గుర్తు) మీ ఫైలు చెక్‌సమ్ పోల్చండి. నెట్ మధ్యలో తెగి సగమే దిగిన ఫైళ్ళు ఇక్కడే దొరికిపోతాయి. వేరే ఎవరో పంచిన లింకు నుంచి సోర్స్ ఎప్పుడూ తీసుకోవద్దు. మీరు దాన్ని సుడోతో ఇన్‌స్టాల్ చేయబోతున్నారు.

టార్ -ఎక్స్ఎఫ్ అని కొట్టి ఫైలు పేరు ఇవ్వండి. విప్పాక ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళండి. పేరులో మొదటి అక్షరం పెద్దది. ట్యాబ్ కీ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది.

4. కాన్ఫిగర్

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=/ఆప్ట్/పైథాన్-3.13 --ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్ --విత్-ఎల్‌టీఓ

మూడు ఆప్షన్లలో నాకు అన్నిటికన్నా ముఖ్యం మొదటిది. స్పీడ్ తర్వాత సంగతి. ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్) ఇవ్వకపోతే పైథాన్ /యూఎస్ఆర్/లోకల్ కింద అన్ని ఫోల్డర్లలోకీ చెదిరిపోతుంది. దాన్ని తీసేయడానికి "మేక్ అన్‌ఇన్‌స్టాల్" లాంటిదేమీ లేదు. విడి ఫోల్డర్ ఇస్తే, నచ్చనప్పుడు ఆ ఒక్క ఫోల్డర్ తీసేస్తే చాలు. సుడో లేనివాళ్ళు హోమ్‌లోనే ఒక దారి ఇవ్వొచ్చు. అయితే తర్వాత ఆ ఫోల్డర్ పేరు మార్చకండి. మార్చితే దాని మీద కట్టుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లన్నీ (ప్రాజెక్టుకు ఒకటి చొప్పున ఉండే విడి ప్యాకేజీల ఫోల్డర్లు) పోతాయి.

రెండోది పీజీఓ అనే పద్ధతిని ఆన్ చేస్తుంది. ముందు పైథాన్‌ను ఒకసారి బిల్డ్ చేసి, దానితో కొన్ని టెస్టులు నడిపి, కోడ్‌లో ఏ దారులు ఎక్కువ అరుగుతున్నాయో రాసుకుంటుంది. ఆ చిట్టా చూసుకుంటూ రెండోసారి బిల్డ్ చేస్తుంది. అందుకే టైమ్ ఎక్కువ. మూడోది లింక్ చేసేటప్పుడు ఫైళ్ళన్నిటినీ కలిపి చూసి ఆప్టిమైజ్ చేయమంటుంది. ర్యామ్ ఎక్కువ తినేది ఇదే.

కాన్ఫిగర్ నడుస్తుండగా వచ్చే వరసల్ని పైకి జరిపి చూడండి. చివర్లో "చెకింగ్ ఫర్ ఎస్‌టీడీలిబ్ ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్" అని మొదలయ్యే వరసలుంటాయి. ఒక్కో మాడ్యూల్ ఎదురుగా "ఎస్" అనో "మిస్సింగ్" అనో రాస్తుంది. _ఎస్ఎస్ఎల్, _సీటైప్స్, జెడ్‌లిబ్, _ఎస్‌క్యూలైట్3, _ఎల్‌జెడ్ఎంఏ, _బీజెడ్2 ఎదురుగా "మిస్సింగ్" ఉంటే అక్కడే ఆగండి. 2వ మెట్టుకు వెళ్ళి లైబ్రరీ పెట్టుకొని కాన్ఫిగర్ మళ్ళీ నడపండి. ఈ రెండు నిమిషాలు చూడకపోవడం వల్లే అరగంట బిల్డ్ వృథా అవుతుంది.

*కంపైలర్ ఫ్లాగుల గురించి.* "సీఫ్లాగ్స్‌లో ఓ3 పెడితే ఇంకా స్పీడ్ వస్తుందా?" అని అడుగుతుంటారు. పైథాన్ ఇప్పటికే ఓ3తోనే కంపైల్ అవుతుంది, మీరు కలిపేదేమీ లేదు. "ఫాస్ట్-మ్యాథ్" జోలికి అసలు వెళ్ళకండి. దశాంశాల లెక్కలు తప్పొచ్చు, తప్పినట్టు ఎక్కడా చెప్పదు కూడా. ఇక "మార్చ్=నేటివ్" ఉంది. ఇది మీ ప్రాసెసర్‌కే సరిపోయే కోడ్ పుట్టిస్తుంది. బిల్డ్ చేసిన మెషిన్‌లోనే నడిపేటట్టయితే పర్వాలేదు. నేను ఒకసారి కొత్త లాప్‌టాప్‌లో ఇలా బిల్డ్ చేసి పాత సర్వర్‌కు కాపీ చేశాను. మొదలు పెట్టగానే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోయింది, అర్ధరాత్రి దాకా కారణం తెలియలేదు.

ఇంకో చిక్కు: సీఫ్లాగ్స్‌లో మీరిచ్చింది పైథాన్ గుర్తుపెట్టుకుంటుంది. రేపు పిప్ ఏదైనా సీ ప్యాకేజీని కంపైల్ చేసినప్పుడు దానికీ అవే ఫ్లాగులు వెళ్తాయి. పైథాన్‌కు మాత్రమే వర్తించాలంటే సీఫ్లాగ్స్_నోడిస్ట్ అనే వేరియబుల్ వాడండి, అన్నీ పెద్ద అక్షరాల్లో. నా సలహా అడిగితే, పీజీఓ, ఎల్‌టీఓ రెండూ పెట్టుకొని మిగతా ఫ్లాగుల్ని వదిలేయండి.

5. మేక్

ఎన్‌ప్రాక్ అని కొడితే మీకు ఎన్ని కోర్లు ఉన్నాయో చెబుతుంది. 4 అంటే:

మేక్ -జె4

నాలుగు కోర్ల లాప్‌టాప్‌లో అరగంట అటూ ఇటూ పడుతుంది. మధ్యలో టెస్టులు ఒక్కొక్కటిగా నడుస్తూ, ఒక్క కోరే పనిచేస్తూ కనిపిస్తే టెన్షన్ పడకండి. పీజీఓ చిట్టా రాసుకునే దశ అది. జె పక్కన ఎంత అంకె ఇచ్చినా అది వరసగానే నడుస్తుంది. స్తంభించిందనుకొని కంట్రోల్-సీ నొక్కేవాళ్ళు చాలామంది.

1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న సర్వర్‌లో "కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్" అని ఆగిపోతే అది కోడ్ తప్పు కాదు, మెమరీ చాలక కెర్నల్ కంపైలర్‌ను చంపేసింది. జె1 పెట్టండి, 2 జీబీ స్వాప్ ఫైలు (ర్యామ్‌కు తోడుగా వాడే డిస్క్ చోటు) కలపండి. అప్పటికీ కాకపోతే ఎల్‌టీఓ తీసేయండి. అదీ కుదరకపోతే పెద్ద మెషిన్‌లో, అదే ఉబుంటు వెర్షన్‌తో బిల్డ్ చేసి ఆ ఫోల్డర్‌ను అదే దారిలోకి కాపీ చేయండి. అలా చేసేటప్పుడు మార్చ్=నేటివ్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఎర్రర్ వస్తే చివరి వరస చూసి వెతకడం మొదలుపెట్టకండి. "మేక్: ఎర్రర్ 2" అన్నది ఎక్కడో ఏదో ఆగిందని మాత్రమే చెబుతుంది. అసలు కారణం ఇంకా పైన, మొట్టమొదటి "ఎర్రర్" అన్న చోట ఉంటుంది. ఎక్కువ కోర్లతో నడిపితే వరసలు కలగాపులగం అవుతాయి. అప్పుడు జె1తో మళ్ళీ మేక్ కొట్టండి, సరిగ్గా ఆగిన చోటే చూపిస్తుంది.

6. ఇన్‌స్టాల్‌కు ముందు టెస్ట్

ఇల్లు అలకగానే పండగ కాదు. మేక్ ముగిశాక చివరి వరసలు చదవండి. ఫలానా ఆప్షనల్ మాడ్యూళ్ళకు కావలసినవి దొరకలేదని ఒక జాబితా ఇస్తుంది. టికింటర్ (గ్రాఫిక్స్ కిటికీలు చూపే మాడ్యూల్) ఒక్కటే లేకపోతే సర్వర్‌కు నష్టం లేదు. ఎస్ఎస్ఎల్ లేకపోతే ముందుకు వెళ్ళకండి.

మేక్ టెస్ట్

దీన్ని రూట్‌గా నడపవద్దు. పర్మిషన్లు ఉండకూడని చోట ఉండటం వల్ల కొన్ని టెస్టులు అనవసరంగా ఫెయిలవుతాయి. చివర "రిజల్ట్: సక్సెస్" రావాలి. కొన్ని టెస్టులు "స్కిప్డ్" అనడం మామూలే. ఒకటో రెండో ఫెయిలైతే వాటిని విడిగా నడిపి చూడండి:

./పైథాన్ -ఎం టెస్ట్ -వీ, ఆ పక్కన టెస్ట్ పేరు

విడిగా నడిపినప్పుడు పాసైతే సాధారణంగా టైమింగ్, నెట్‌వర్క్ సమస్యే. మళ్ళీ మళ్ళీ అదే చోట ఫెయిలైతే ఇన్‌స్టాల్ చేయకండి.

7. ఇన్‌స్టాల్: మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్

సుడో మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్

"ఇన్‌స్టాల్" కాదు, "ఆల్ట్‌ఇన్‌స్టాల్". మొదటిది పైథాన్3 అనే పేరుతో కూడా లింకు పెడుతుంది. రెండోది పైథాన్3.13 అన్న పూర్తి పేరుతో మాత్రమే పెడుతుంది. ప్రిఫిక్స్ విడిగా ఇచ్చాం కాబట్టి ఈసారికి రెండింటిలో ఏది కొట్టినా సిస్టమ్‌కు దెబ్బ తగలదు. కానీ అలవాటు ఆల్ట్‌ఇన్‌స్టాల్ మీదే ఉండాలి. ప్రిఫిక్స్ మరిచిపోయిన రోజున కాపాడేది ఆ అలవాటే.

ఉబుంటులో చాలా భాగాలు సిస్టమ్ పైథాన్ మీద ఆధారపడి ఉంటాయి. కొత్త పీపీఏ కలిపే కమాండ్ పైథాన్ స్క్రిప్టే. /యూఎస్ఆర్/బిన్‌లోని పైథాన్3ను కొత్త వెర్షన్‌కు తిప్పితే "నో మాడ్యూల్ నేమ్డ్ ఏపీటీ_పీకేజీ" అని మొదలవుతుంది, తర్వాత గ్నోమ్ టెర్మినల్ తెరుచుకోదు. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో అలా తిప్పమని చెప్పే సలహాలు చాలా తిరుగుతున్నాయి. దయచేసి పాటించకండి. ఇప్పటికే తిప్పి ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ లాగిన్‌లోకి వెళ్ళి, ఆ లింకును మళ్ళీ మీ ఉబుంటుతో వచ్చిన వెర్షన్‌కే తిప్పండి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది.

8. సరిగ్గా వచ్చిందా?

/ఆప్ట్/పైథాన్-3.13/బిన్/పైథాన్3.13 అని పూర్తి దారితో తెరవండి. లోపల వరసగా ఇవి చేయండి.

ఎస్ఎస్ఎల్, సీటైప్స్, ఎస్‌క్యూలైట్3, ఎల్‌జెడ్ఎంఏ, బీజెడ్2 మాడ్యూళ్ళను ఒక్కొక్కటిగా ఇంపోర్ట్ చేయండి. ఏమీ పలకకుండా తర్వాతి వరసకు వస్తే అన్నీ బాగున్నట్టే.

సిస్‌కాన్ఫిగ్ మాడ్యూల్ ఇంపోర్ట్ చేసి, గెట్_కాన్ఫిగ్_వార్ ఫంక్షన్‌కు కాన్ఫిగ్_ఆర్గ్స్ అని పెద్ద అక్షరాల్లో ఇవ్వండి. మీరు కాన్ఫిగర్‌కు ఇచ్చిన ఆప్షన్లు యథాతథంగా చూపిస్తుంది. "ఆప్టిమైజేషన్స్ పెట్టాననే గుర్తు" అన్నచోట అనుమానం తీర్చేది ఇదే.

మన భాషతో ఒక పరీక్ష: "తెలుగు" అన్న మాటను కోట్స్‌లో పెట్టి లెన్ అడగండి. 6 రావాలి. అదే మాటను యూటీఎఫ్-8లోకి ఎన్‌కోడ్ చేసి లెన్ అడిగితే 18 రావాలి. ఆ తర్వాత పైకి బాణం కీ నొక్కండి. ఇంతకుముందు కొట్టిన వరస రావాలి. దాని బదులు వింత గుర్తులు పడితే ఎన్‌కర్సెస్, రీడ్‌లైన్ అందలేదని అర్థం.

ఇక్కడి నుంచి ప్రతి ప్రాజెక్టుకూ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి:

/ఆప్ట్/పైథాన్-3.13/బిన్/పైథాన్3.13 -ఎం వెన్వ్, ఆ పక్కన ఫోల్డర్ పేరు

అది యాక్టివేట్ చేశాక లోపల "పైథాన్" అని కొట్టినా మీ కొత్తదే వస్తుంది, బయట సిస్టమ్‌ది అలాగే ఉంటుంది.

9. స్పీడ్ నిజంగా పెరిగిందా?

కొలవకుండా పెరిగిందనుకోవద్దు. అదే సోర్స్‌ను ఇంకో ఫోల్డర్‌లో విప్పి, వేరే ప్రిఫిక్స్‌తో, ఆప్టిమైజేషన్లు లేకుండా బిల్డ్ చేయండి. రెండింటికీ వేరువేరు వెన్వ్‌లు పెట్టి, పైపర్ఫార్మెన్స్ అనే ప్యాకేజీతో ఒకే బెంచ్‌మార్క్‌లు నడిపి పోల్చండి. అంతకన్నా మంచిది, మీరు రోజూ నడిపే మీ సొంత ప్రోగ్రామ్‌నే రెండింటిలో ఐదారుసార్లు నడిపి టైమ్ రాసుకోవడం. డేటాబేస్ కోసమో, నెట్‌వర్క్ కోసమో ఎదురుచూసే ప్రోగ్రామ్ అయితే తేడా దాదాపు కనిపించదు. పైథాన్ లూపుల్లోనే ఎక్కువ సేపు తిరిగే పని అయితే కనిపిస్తుంది.

కొలిచేటప్పుడు బ్రౌజర్ మూసేయండి. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. వేడి కూడా అంతే. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో చేసిన కొలతను తెల్లవారుజామున చేసిన కొలతతో పోల్చకండి. రెండు బిల్డ్‌లనూ మార్చి మార్చి, ఒకే గంటలో నడపండి.

ఎక్కువగా వచ్చే ఎర్రర్లు

*"జెడ్‌లిబ్ నాట్ అవైలబుల్" అని ఇన్‌స్టాల్ సమయంలో ఆగడం:* జెడ్‌లిబ్1జీ-డెవ్ లేదు. పిప్‌ను విప్పే దశలో ఇది బయటపడుతుంది.

*"నో మాడ్యూల్ నేమ్డ్ _సీటైప్స్":* లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవ్ లేదు.

*ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1 లేదా కొత్తది కావాలనడం:* పాత డిస్ట్రోలో ఉన్నారు. 3.10 నుంచి పైథాన్‌కు అంతకన్నా పాతది పనికిరాదు.

ఈ మూడింట్లో లైబ్రరీ పెట్టాక ఊరికే మేక్ కొడితే చాలదు. మేక్ డిస్ట్‌క్లీన్ చేసి, కాన్ఫిగర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. పాత కాన్ఫిగర్ ఫలితం ఫైళ్ళలో రాసి ఉంటుంది. "లైబ్రరీ పెట్టినా అదే ఎర్రర్" అనేవాళ్ళలో ఎక్కువమంది ఈ ఒక్క పని చేయనివాళ్ళే. ఫ్లాగులు మార్చినప్పుడూ ఇదే నియమం.

*లిబ్‌పైథాన్3.13 దొరకలేదనడం:* మీరు --ఎనేబుల్-షేర్డ్ ఇచ్చారు. అపాచీలోనో, పోస్ట్‌గ్రెస్‌లోనో పైథాన్‌ను పొదగాలంటేనే అది అవసరం, లేకపోతే తీసేయండి. అవసరమే అయితే కాన్ఫిగర్ సమయంలో ఎల్‌డీఫ్లాగ్స్‌లో ఆర్‌పాత్‌గా (లైబ్రరీని వెతికే దారి) మీ ప్రిఫిక్స్‌లోని లిబ్ ఫోల్డర్ ఇవ్వండి.

తర్వాత చూసుకోవలసినవి

ఏపీటీకి ఈ పైథాన్ ఉందన్న సంగతే తెలియదు. దీని సెక్యూరిటీ అప్‌డేట్లు మీ బాధ్యత. 3.13కు 2029 అక్టోబర్ దాకా సెక్యూరిటీ సవరణలు వస్తాయి. కొత్త 3.13 విడుదల వచ్చినప్పుడల్లా ఇవే మెట్లు, ఇదే ప్రిఫిక్స్‌తో చేయండి, వెన్వ్‌లు అలాగే పనిచేస్తాయి. ఓపెన్ఎస్ఎస్ఎల్ సవరణలు మాత్రం ఏపీటీ ద్వారా వాటంతటవే అందుతాయి, ఎందుకంటే మన పైథాన్ సిస్టమ్ లైబ్రరీనే వాడుతోంది.

ఉబుంటునే పెద్ద వెర్షన్‌కు మార్చినప్పుడు 8వ మెట్టులోని ఇంపోర్ట్‌లు మళ్ళీ చేసి చూడండి. 20.04 నుంచి 22.04కు వెళ్ళినప్పుడు ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1 పోయి 3 వచ్చింది. పాత లైబ్రరీ తీసేయగానే, అంతకుముందు బిల్డ్ చేసుకున్న పైథాన్‌లలో ఎస్ఎస్ఎల్ ఇంపోర్ట్ ఆగిపోయింది. అలాంటప్పుడు మళ్ళీ బిల్డ్ చేయడమే మార్గం. అందుకే మీరు వాడిన కాన్ఫిగర్ వరసను ఒక టెక్స్ట్ ఫైలులో రాసి, ఆప్ట్‌లోని ఆ ఫోల్డర్‌లోనే ఉంచండి. సోర్స్ ఫోల్డర్‌ను అప్పుడు నిశ్చింతగా తీసేయొచ్చు.